రాక్ డ్రమ్మర్ కెరీర్: అపోహలు - వాస్తవాలు (చార్లీ వాట్స్ ఉదాహరణగా)

నేను డ్రమ్స్ నేర్పుతాను, పబ్బుల్లో, కాలేజీ ఫెస్టుల్లో వాయిస్తాను. నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లయినా, వాళ్లని తీసుకొచ్చే అమ్మానాన్నలైనా రాక్ డ్రమ్మర్ గురించి ఇంచుమించు ఒకే రకం మాటలంటారు. ఒక్కో మాటకీ విడిగా జవాబు చెప్పేకంటే ఒక మనిషిని చూపించడం తేలిక. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ 1963 జనవరిలో ఆ బ్యాండ్‌లో చేరారు, 2021 ఆగస్టులో 80 ఏళ్ల వయసులో పోయేదాకా ఆ బ్యాండ్ డ్రమ్మర్‌గానే ఉన్నారు. కెరీర్ అంటే అది.

అపోహ: రాక్ అంటే బలం కొద్దీ బాదడమే

కాదు. స్టిక్ డ్రమ్ మీద పడగానే దానంతటదే పైకి లేస్తుంది, ఆ లేవడాన్ని అడ్డుకోకుండా తర్వాతి దెబ్బకి వాడుకోవడమే చెయ్యి చేసే పని. పిడికిలి బిగించి భుజం నుంచి బాదేవాడికి రెండో పాటకే ముంజేయి పట్టేస్తుంది, మూడో పాటకి టెంపో (పాట వేగం) జారుతుంది, ఆ తర్వాత వాడు వాయించేది సంగీతం కాదు, కక్ష. ఊరేగింపులో గంటల తరబడి డప్పు వాయించే పెద్దాయన చేతులు ఎప్పుడైనా గమనించండి, పనంతా మణికట్టుదీ వేళ్లదీ.

వాట్స్ అసలు జాజ్ మనిషి. చిన్నప్పుడు చేతికొచ్చిన బాంజో (గిటార్ లాంటి తీగల వాయిద్యం) అంతుపట్టక దాని మెడ ఊడదీసి, మిగిలిన గుండ్రటి భాగాన్ని స్నేర్ డ్రమ్ (కిట్‌లో టప్‌మని చురుగ్గా మోగే డ్రమ్) చేసుకుని, జాజ్ రికార్డులు పెట్టుకుని స్టిక్‌ల బదులు బ్రష్‌లతో వాయించేవారు. ఎడమ అరచెయ్యి పైకి ఉండేలా స్టిక్ పట్టుకునే ట్రెడిషనల్ గ్రిప్‌తోనే స్టేడియంలలో కూడా వాయించారు. అన్నిటికంటే నాకు ఇష్టమైన సంగతి ఆయన కుడిచెయ్యి. మామూలుగా మనం రెండో బీట్‌లో, నాలుగో బీట్‌లో స్నేర్ కొట్టేటప్పుడు కుడిచెయ్యి హైహ్యాట్ (స్టాండ్ మీద జంటగా ఉండే తాళాలు) మీద కూడా కొడుతూనే ఉంటుంది, ఆయన మాత్రం సరిగ్గా అప్పుడే కుడిచెయ్యి పైకి లేపేసేవారు, దాంతో స్నేర్ ఒక్కటే మోగేది, బలం పెట్టకుండానే గట్టిగా వినపడేది. లైవ్ వీడియో ఒకటి పెట్టి, సౌండ్ తీసేసి చూడండి, తెలిసిపోతుంది.

పెద్ద కిట్ (డ్రమ్స్ అన్నీ కలిపిన సెట్) ఉంటేనే డ్రమ్మర్ అనేవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఆయన చాలాకాలం వాడింది 1957 నాటి గ్రెచ్ కంపెనీ కిట్, ఒక కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్), ఒక స్నేర్, రెండు టామ్‌లు (మిగతా డ్రమ్స్). రష్ బ్యాండ్ డ్రమ్మర్ నీల్ పియర్ట్‌కి పెద్ద కిట్ ఉండేది, ఆ సంగీతానికి అది కావాలి. సింగిల్ స్ట్రోక్ రోల్ (కుడి, ఎడమ చేతులతో మార్చి మార్చి ఒక్కో దెబ్బ) ఇంకా సాఫీగా రాని తమ్ముడికి డబుల్ పెడల్ (రెండు కాళ్లతో కిక్ వాయించే పెడల్) ఎందుకో నాకు అర్థం కాదు.

అపోహ: మంచి డ్రమ్మర్ మెషీన్‌లా వాయించాలి

1969లో వచ్చిన స్టోన్స్ పాట 'హాంకీ టాంక్ విమెన్' మొదటి నిమిషం విని, వెంటనే చివరికి వెళ్లి వినండి. వేగం స్పష్టంగా పెరిగి ఉంటుంది. అది తప్పని ఎవరూ అనలేదు, పైగా ఆ పాట ఊపు అంతా అందులోనే ఉంది. చాలా బ్యాండ్లలో అందరూ డ్రమ్మర్‌ని పట్టుకుని వెళ్తారు, స్టోన్స్‌లో మాత్రం వాట్స్ గిటారిస్ట్ కీత్ రిచర్డ్స్ గిటార్‌ని పట్టుకుని వెళ్లేవారు. అలాగని క్లిక్ (వేగం తప్పకుండా టిక్ టిక్‌మని మోగే శబ్దం) లేకుండా ప్రాక్టీస్ చేసెయ్యకండి, ఈ రోజుల్లో స్టూడియోకి వెళ్తే హెడ్‌ఫోన్స్‌లో ముందు వినపడేది అదే. అదే ఏడాది వచ్చిన ఇంకో పాట, 'యు కాంట్ ఆల్వేస్ గెట్ వాట్ యు వాంట్', అందులో డ్రమ్స్ వాయించింది వాట్స్ కాదు, ప్రొడ్యూసర్ జిమ్మీ మిల్లర్. ఆ గ్రూవ్ (పాటంతా నడిచే లయ) మిల్లర్‌కి బాగా కుదిరింది, ఆయనే వాయించేశారు. ఇక్కడ మన దగ్గర రిహార్సల్‌లో ఒక్క ఫిల్ (పాట మధ్యలో వేసే చిన్న డ్రమ్స్ ముక్క) మార్చమంటేనే అలిగి వెళ్లిపోయేవాళ్లని చూస్తుంటాను.

అపోహ: పాట హిట్టయితే డ్రమ్మర్‌కీ జీవితాంతం డబ్బులే

ఇది ఎక్కువమందికి తెలియని విషయం. పాట హక్కు సాధారణంగా ట్యూన్ కట్టినవాళ్లది, మాటలు రాసినవాళ్లది. బీట్‌ని రచన కింద లెక్కపెట్టరు, అది ఆ పాటకి ప్రాణమైనా సరే. స్టోన్స్ పాటల్లో ఎక్కువభాగం గాయకుడు మిక్ జాగర్, రిచర్డ్స్ పేర్ల మీదే ఉన్నాయి. మొదట్లో కొన్ని పాటలు బ్యాండ్ అంతటికీ కలిపి 'నాంకర్ ఫెల్జ్' అనే ఉత్తుత్తి పేరుతో వేసుకున్నారు, వాట్స్‌కి రచయితగా వాటా వచ్చింది ప్రధానంగా అక్కడే. మిగతా ఆదాయం టూర్ల నుంచి, రికార్డుల నుంచి. నీల్ పియర్ట్ తన బ్యాండ్ పాటలకి సాహిత్యం రాశారు, క్వీన్ బ్యాండ్ డ్రమ్మర్ రోజర్ టేలర్ పాటలే రాశారు, వాళ్ల లెక్క వేరు. U2లా పాటల సంగీతాన్ని అందరి పేరునా వేసుకున్న బ్యాండ్లూ ఉన్నాయి. కాబట్టి స్నేహితులతో బ్యాండ్ పెట్టేటప్పుడు ఎవరి వాటా ఎంతో మొదటిరోజే కాగితం మీద రాసుకోండి. మొహమాటపడితే పోయేవి డబ్బూ, స్నేహం, రెండూ.

అపోహ: తాగుడూ మత్తూ లేకుండా రాక్ లేదు, అరవై దాటితే డ్రమ్స్ లేవు

ద హూ బ్యాండ్ డ్రమ్మర్ కీత్ మూన్ 1978లో, లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ 1980లో పోయారు, ఇద్దరికీ 32 ఏళ్లే. వాళ్ల కథలు చెప్పుకునేవాళ్లు వాళ్లు వాయించకుండా పోయిన ఏళ్లని లెక్కపెట్టరు. వాట్స్ కూడా 1980ల మధ్యలో మద్యం, హెరాయిన్‌లో పడ్డారు, అప్పటికి నలభై దాటిన మనిషి. బయటపడ్డారు కాబట్టే ఇంకో ముప్పై ఏళ్లు వాయించగలిగారు. 2004లో గొంతు క్యాన్సర్ వచ్చింది, చికిత్స చేయించుకుని మరుసటి ఏడాది టూర్‌కి వెళ్లారు. బ్యాండ్‌తో ఆయన చివరి కచేరీ 2019 ఆగస్టులో, మయామీలో, 78 ఏళ్ల వయసులో.

అందరి ఒళ్లూ అలా సహకరించదు. జెనెసిస్ బ్యాండ్ ఫిల్ కాలిన్స్ వెన్ను సమస్యలతో డ్రమ్స్ వదిలేయాల్సి వచ్చింది, 2022లో ఆ బ్యాండ్ ఆఖరి కచేరీలో ఆయన కుర్చీలో కూర్చుని పాడితే కొడుకు నిక్ డ్రమ్స్ వాయించాడు. ఐరన్ మెయిడెన్ డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్ 2023లో స్ట్రోక్ వచ్చాక కూడా టూర్ చేసి, 2024 డిసెంబరులో టూర్లు మానేశారు. అందుకే స్టూల్ ఎత్తు గురించి, నడుము గురించి నేను మొదటి క్లాసులోనే విసిగిస్తాను.

చెవుల సంగతి ఇంకా ముఖ్యం. "సౌండ్ అలవాటైపోతుంది సార్" అంటారు. అలవాటవడం కాదు, లోపలి చెవిలో కణాలు చచ్చిపోవడం, అవి మళ్లీ పుట్టవు. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చనేది ఒక ప్రమాణం, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. డ్రమ్ కిట్ ముందు కూర్చుంటే 100 దాటడం పెద్ద విషయం కాదు. ఇయర్‌ప్లగ్స్ లేకుండా వస్తే ఆ రోజు ప్యాడ్ (పెద్ద శబ్దం రాని రబ్బరు పలక) మీదే ప్రాక్టీస్.

ఇక అమ్మానాన్నల ప్రశ్న, చదువు మానేస్తాడేమో అని. వాట్స్ ఆర్ట్ స్కూల్లో చదివి అడ్వర్టైజింగ్‌లో గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేశారు, సాయంత్రాలు బ్యాండ్లలో వాయించేవారు. ఆ చదువు వృథా కాలేదు. 1967లో వచ్చిన స్టోన్స్ ఆల్బమ్ వెనక అట్ట మీది కార్టూన్లు ఆయన గీసినవే, తర్వాత టూర్ల స్టేజి డిజైన్‌లో కూడా జాగర్‌తో కలిసి కూర్చునేవారు. మీవాడు డిగ్రీ చేస్తూ రోజూ అరగంట ప్యాడ్ మీద కూర్చుంటే నాకు చాలు, కిట్ వచ్చే ఏడాది కొనొచ్చు.