పుస్తకం మూసి చదవండి: పోటీ పరీక్షల చదువుపై అపోహలు - వాస్తవాలు

గ్రూప్స్, డీఎస్సీ రాసేవాళ్లకు పాఠాలు చెప్పడం నా వృత్తి. లైబ్రరీ తెరవకముందే వచ్చి గేటు దగ్గర నిలబడే పిల్లలను రోజూ చూస్తుంటాను. వాళ్లలో చాలామంది ఇంటి నుంచి వచ్చే డబ్బుతో హాస్టల్ ఫీజు కట్టుకుంటూ చదువుతున్నవాళ్లే. కష్టపడటంలో వాళ్లకు ఏ లోటూ లేదు. ఆ కష్టాన్ని దేనిమీద పెట్టాలో సరిగా చెప్పేవాళ్లే తక్కువ.

అపోహ: ఎన్నిసార్లు చదివితే అంత బాగా గుర్తుంటుంది.

"సార్, పాలిటీ పుస్తకం ఐదుసార్లు తిరగేశాను, అయినా మాక్ టెస్టులో మార్కులు రావట్లేదు" అనే మాట నాకు అందరికంటే శ్రద్ధగా చదివేవాళ్ల నోటనే ఎక్కువగా వినిపిస్తుంది.

వాస్తవం: 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు ఈ విషయాన్ని పరీక్షించి చూశారు. ఒక బృందం ఒకే పాఠాన్ని నాలుగు విడతలూ చదివింది. మరో బృందం ఒక విడత చదివి, మిగిలిన మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 83 శాతం గుర్తుంటే, రెండో బృందానికి 71 శాతం. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతమే మిగిలింది, రాసినవాళ్లకు 61 శాతం.

ఐదోసారి చదివేటప్పుడు ప్రతి వాక్యమూ తెలిసినట్టే ఉంటుంది. ఆ తేలికదనమే 'నాకు వచ్చేసింది' అనిపిస్తుంది. పరీక్ష హాల్లో మాత్రం పుస్తకం ముందుండదు. పాలిటీ పాఠమే తీసుకోండి: రాజ్యాంగ 73వ సవరణ పంచాయతీలది, 11వ షెడ్యూల్, 29 అంశాలు. 74వది మున్సిపాలిటీలది, 12వ షెడ్యూల్, 18 అంశాలు. చదువుతున్నప్పుడు ఇందులో కష్టమేమీ కనిపించదు. ఆప్షన్లలో 29, 18 పక్కపక్కన కనిపించినప్పుడే తడబాటు మొదలవుతుంది. అందుకే నా క్లాసులో పాఠం అయ్యాక అందరూ పుస్తకాలు మూసి తెల్లకాగితం తీయాలి. గుర్తున్నదంతా రాశాక పుస్తకం తెరిచి, తప్పిపోయినవాటిని ఎర్ర పెన్నుతో చేర్చుకోవాలి. మర్నాడు, మళ్లీ నాలుగైదు రోజులకు, ఎర్రగా ఉన్నవాటినే ముందు అడుగుతాను. మొదట్లో పిల్లలకు ఇది నచ్చదు. చదివినప్పుడు కలిగే ధైర్యం రాసేటప్పుడు ఉండదు మరి. కానీ గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ ఇబ్బందిలోనే విషయం మనసులో నాటుకుంటుంది. దాన్ని తప్పించుకోకండి.

అపోహ: జ్ఞాపకశక్తి పుట్టుకతో రావాలి, ఏకసంథాగ్రాహులకే ఇవన్నీ.

వాస్తవం: ఒకసారి అష్టావధానం శ్రద్ధగా చూడండి. అవధాని చేతిలో కాగితం ఉండదు. ఒక పృచ్ఛకుడికి, అంటే ప్రశ్న అడిగేవారికి, పద్యంలో ఒక పాదం చెప్పి, తర్వాతి వ్యక్తి దగ్గరకు వెళ్లాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగం అడ్డు తగులుతూనే ఉంటుంది. మళ్లీ మొదటి పృచ్ఛకుడి దగ్గరకు వచ్చేసరికి పాత పాదాన్ని మనసులోంచే తీసి, దానికి కొత్త పాదం అతకాలి. చివర ధారణలో పద్యాలన్నీ అప్పజెప్పాలి. వ్యవధి ఇచ్చి, చూడకుండా, పదే పదే గుర్తు తెచ్చుకోవడం ఆ ప్రక్రియలోనే ఉంది. మనుషుల మధ్య పుట్టుకతో వచ్చే తేడాలు ఉండవని నేను అనను. కానీ అవధానుల వెనుక ఏళ్ల సాధన ఉంది. 'నాకు అంత బుర్ర లేదు' అంటూ ఆ సాధన మొదలే పెట్టకపోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: ఏదైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది.

వాస్తవం: ఈ అంకె 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. రోగులు మారిన తమ రూపానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. ప్రచారంలో 'కనీసం' అన్న మాట జారిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనిస్తే, అలవాటు స్థిరపడటానికి పట్టే కాలం మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని అంచనాకు వచ్చారు. మధ్యస్థం 66 రోజులు. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదని కూడా అందులోనే తేలింది. 22వ రోజు బద్ధకంగా అనిపిస్తే మీలో లోపం ఉందని టెన్షన్ పడకండి. రోజూ ఎలాగూ చేసే ఒక పనికి చదువును జోడించండి. రాత్రి భోజనం కాగానే పది ప్రశ్నలు, అంతే.

అపోహ: తెల్లవారుజామున నాలుగింటికి లేస్తేనే చదువు ఒంటబడుతుంది.

వాస్తవం: రాత్రి తొమ్మిదింటికి పడుకునేవాళ్లు నాలుగింటికి లేవడం మంచిదే. పన్నెండు దాటాక పడుకుని నాలుగింటికి లేస్తే మాత్రం నిద్ర కోసుకున్నట్టే. నేర్చుకున్నాక మెలకువగా ఉన్నప్పటికంటే నిద్రపోయినప్పుడు మరపు తక్కువని 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ ప్రయోగంలో చూపించారు. పడుకునే ముందు పుస్తకం తెరవకుండా ఆ రోజు పాఠం కాసేపు రాసుకోండి. రానివాటిని పొద్దున చూసుకోవచ్చు.