బియ్యం డ్రమ్ములో చెక్క పాము

మా చిన్నప్పుడు తిరునాళ్ళలో చెక్క పాములు అమ్మేవాళ్ళు, చిన్న చిన్న చెక్క ముక్కలు వరసగా గుచ్చి పచ్చరంగు పూసేవాళ్ళు, తోక పట్టుకుంటే చాలు పడగ అటూ ఇటూ ఊగేది. అలాంటిదొకటి మా అన్నయ్య కొనుక్కొచ్చి బియ్యం డ్రమ్ములో పెట్టాడు, తలా తోకా బియ్యంలో కప్పెట్టేసి నడుం ఒక్కటే పైకి కనపడేలాగ. పొద్దున్నే పెద్దమ్మ సోల పట్టుకుని మూత తీసింది. కేక కంటే ముందు సోల ఎగిరింది, అది వెళ్ళి గోడ మీద క్యాలెండర్‌కి తగిలింది, పెద్దమ్మేమో అప్పటికే గుమ్మం అవతలుంది, ఎలా వెళ్ళిందో ఆవిడకే తెలీదు. తర్వాత అన్నయ్యకి పడాల్సినవి పడ్డాయి లెండి. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం మర్నాడు జరిగింది. అది చెక్క పామని తెలుసు, దాన్ని పొయ్యిలో పెట్టి తగలేసింది కూడా ఆవిడే, అయినా మూత తీస్తూనే చెయ్యి టక్కున వెనక్కి లాక్కుంది. "బుర్రకి తెలుసురా, చేతికే తెలీట్లేదు" అంది.

ఆ ఒక్క ముక్క మీద సైన్స్ వాళ్ళు 150 ఏళ్ళ పైనుంచీ కుస్తీ పడుతున్నారు.

మొదట డార్విన్. ఆయన గడ్డం ఫోటో చూసి మహా సీరియస్ మనిషి అనుకుంటాం గానీ లండన్ జూలో ఆయన చేసిన పని మా అన్నయ్య పనికేం తీసిపోదు. చుట్టచుట్టుకున్నట్టు స్టఫ్ చేసిన చచ్చిన పామునొకదాన్ని పట్టుకెళ్ళి కోతుల బోనులోకి తీసుకెళ్ళాడు. ఒకటే గోల. తర్వాత దాన్ని నేల మీద పెడితే కోతులన్నీ చుట్టూ గుండ్రంగా చేరి కళ్ళప్పగించి చూశాయట, ఎంత టెన్షన్‌లో ఉన్నాయంటే రోజూ ఆడుకునే చెక్క బంతి గడ్డిలో కొంచెం కదిలితే చాలు అన్నీ ఒక్కసారి ఎగిరి అవతల పడ్డాయి. బంతి అంటే వాటికి భయమేం లేదు, పాము దగ్గరుంటే మాత్రం బంతి కూడా పామే. అక్కడితో ఆగాడా అంటే లేదు, ఈసారి బతికున్న పామునే కాగితం సంచిలో పెట్టి మూతి వదులుగా మూసి ఇచ్చాడు. ఒక్కో కోతి మెల్లగా రావడం, సంచి కొంచెం తెరిచి తొంగిచూడటం, పరిగెత్తడం, మళ్ళీ ఇంకోటి రావడం. ఇదంతా 1871లో అచ్చయిన పుస్తకంలో రాసుకున్నాడు.

మరి ఆయన సంగతి? అదే జూలో మందపాటి గాజు అద్దానికి మొహం ఆనించి నిలబడ్డాడు, లోపల పఫ్ ఆడర్ అనే ఆఫ్రికా విషప్పాము. అది కాటేసినా కదలకూడదని గట్టిగా అనుకున్నాడు. పాము అద్దాన్ని కొట్టింది, ఆయన గజం రెండు గజాలు వెనక్కి గెంతాడు. అద్దం ఉందని తెలుసు, ఏమీ కాదని తెలుసు, అయినా గెంతాడు. బుర్రకి తెలుసు, కాళ్ళకి తెలీలేదు అన్నమాట, మా పెద్దమ్మ కేసే.

ఇలా ఎందుకవుతుందీ అన్నదానికి 1990ల్లో జోసెఫ్ లెడూ అనే న్యూరోసైంటిస్టు చెప్పిన వివరణ బాగా పాపులర్ అయింది. కంటి నుంచి వచ్చిన సమాచారం మెదడు నడిమధ్యలో ఉండే థాలమస్ అనే జంక్షన్ దాకా వచ్చాక రెండు దార్లు పడుతుందట. ఒకటి చుట్టుదారి, అది మెదడు పైపొర కార్టెక్స్‌కి వెళ్ళి అక్కడ ఇదేంటి, రంగేంటి, చెక్కా తోలా అని తీరిగ్గా తేలుతుంది. రెండోది అడ్డదారి, బొమ్మ సరిగా కూడా కనపడకుండానే నేరుగా అమిగ్డలా అనే బాదంగింజంత భాగానికి పోతుంది, అది వెంటనే అలారం కొట్టేస్తుంది. ముందు గెంతు, తర్వాత చూపు. మనిషి మెదడులో వ్యవహారం ఇంత సింపుల్‌గా రెండు రోడ్లే ఉండవు, చాలా దార్లున్నాయి అని వాదించేవాళ్ళూ ఉన్నారు, అది నిజమే అయ్యుండొచ్చు, కానీ ముందు గెంతి తర్వాత చూస్తాం అన్నది మాత్రం ఎవరి ఇంట్లో వాళ్ళు చెక్ చేసుకోవచ్చు.

పాముకి ప్రత్యేకంగా ఏమన్నా ఉందా మరి? లిన్ ఇస్‌బెల్ అనే ఆంత్రోపాలజిస్టు 2006లో ఒక పెద్ద ఐడియా పట్టుకొచ్చింది, మన కోతిజాతి కళ్ళు ఇంత షార్ప్‌గా తయారవడానికి కోట్ల ఏళ్ళుగా పాముల్ని కనిపెట్టాల్సి రావడమే ఒక కారణం అని. ఇంకా చర్చలో ఉన్న విషయమే, కానీ 2013లో ఆవిడా, జపాన్ శాస్త్రవేత్తలూ కలిసి కోతుల మెదడులో పుల్వినార్ అనే చోట నాడీకణాల్ని రికార్డ్ చేస్తే, కోతి మొహాలూ చేతులూ మామూలు ఆకారాల కంటే పాము బొమ్మలకే అవి గట్టిగా, త్వరగా స్పందించాయి. తర్వాత కెన్యాలో అడవి వర్వెట్ కోతుల దారిలో పాము చర్మం కప్పిపెట్టి సుమారు అంగుళం ముక్క మాత్రం బయటికి కనపడేలా వదిలారు, సరిపోయింది, పసిగట్టేశాయి. తలక్కర్లేదు, తోకక్కర్లేదు, పొలుసులు చాలు. మా అన్నయ్య నడుం ఒక్కటే కనపడేలా ఎందుకు పెట్టాడో అని ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది, వాడికి తెలీకుండానే కరెక్టుగా చేశాడు.

లెక్క కూడా చూడండి. తాడుని పామనుకుంటే పోయేది సోలెడు బియ్యం, కాస్త పరువు. పాముని తాడనుకుంటే పోయేది ప్రాణం. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో ఏడాదికి సగటున 58,000 మంది పోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది, చావులు ఎక్కువున్న రాష్ట్రాల లిస్టులో మన తెలుగు నేల కూడా ఉంది. అలాంటి చోట వందసార్లు అనవసరంగా అరిచినా పర్లేదు, ఒక్కసారి అరవాల్సినప్పుడు ఊరుకోకూడదు. రజ్జుసర్పభ్రాంతి అని అద్వైతులు అజ్ఞానానికి ఉదాహరణ చెప్తారు కదా, ఫిలాసఫీ సంగతి నాకు తెలీదు గానీ బయాలజీ ప్రకారమైతే ఆ భ్రాంతి పడ్డవాడే ఇంటికి క్షేమంగా చేరాడు.

అలాగని భయం పుట్టుకతోనే వస్తుందా అంటే ఇక్కడ కథ కొంచెం మెలిక తిరుగుతుంది. 1980ల్లో అమెరికాలో సూసన్ మినెకా, మైకేల్ కుక్ ల్యాబ్‌లో పుట్టిపెరిగిన కోతుల్ని తీసుకున్నారు, వాటికి పామంటే భయం లేదు. అడవిలో పుట్టిన కోతి పాముని చూసి హడలిపోవడం చూపిస్తే ఇవీ కొద్దిసేపట్లోనే నేర్చేసుకున్నాయి. తర్వాత వీడియోని ఎడిట్ చేసి ఆ కోతి పూలని చూసి హడలిపోతున్నట్టు చూపించారు. పూలంటే భయం రాలేదు. బొమ్మ పాము, బొమ్మ మొసలి అయితే నేర్చుకున్నాయి, పూలూ బొమ్మ కుందేలూ అయితే లేదు. అంటే భయం పుట్టుకతో రాలేదు, ఏది త్వరగా నేర్చుకోవాలో అన్న తయారీ మాత్రం ఉన్నట్టుంది. 2017లో ఆరు నెలల పసిపిల్లలకి పాముల బొమ్మలు చూపిస్తే ఏడవలేదు గానీ చేపల బొమ్మల కంటే కంటిపాప ఎక్కువ పెద్దదైంది. ఆ రోజు పెద్దమ్మ కొంగు పట్టుకుని మా చెల్లి నిలబడుంది, పాముని అది చూడనేలేదు, పెద్దమ్మ మొహం చూసింది అంతే. పదో క్లాసుకొచ్చేదాకా ఆ డ్రమ్ము మూత తీయలేదు.

ప్రకృతిలో ఈ ప్రాంక్ మనకంటే ముందునుంచీ ఉంది. హెన్రీ బేట్స్ అనే ఆయన అమెజాన్ అడవుల్లో 11 ఏళ్ళు పురుగులు ఏరుకుంటూ తిరిగాడు, ఓ రోజు ఆకుల్లోంచి ఒక పెద్ద గొంగళిపురుగు ఒళ్ళు సాగదీసి బయటికొస్తే అచ్చం చిన్న విషప్పాము తల, కళ్ళలాంటి మచ్చలతో సహా. ఆయన ముందు అదిరిపడ్డాడు, తర్వాత దాన్ని తీసుకెళ్ళి ఊళ్ళో అందరికీ చూపించి హడలగొట్టాడు. 1862 పేపర్లో ఆ సంగతి ఆయనే రాశాడు. హాని చేయని జీవి ప్రమాదకరమైన ఇంకోదాని వేషం వేసి బతకడాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అమెజాన్ దాకా ఎందుకు, పెరట్లో కరివేపాకు చెట్టు మీద పచ్చటి లావుపాటి సీతాకోకచిలుక పురుగు ఉంటే పుల్లతో మెల్లగా తట్టండి, తల వెనకనుంచి ఎర్రగా రెండు పాయల నాలుకలాంటిది బుస్సుమని వస్తుంది, ఘాటు వాసన కూడా. దాని అసలు పని వాసనతో చీమల్నీ వాటినీ తరమడం, మనకి మాత్రం పాము నాలుకే గుర్తొస్తుంది. అమెరికాలో నేల బొరియల్లో ఉండే ఒక గుడ్లగూబైతే ఏ వేషమూ వేయదు, చీకటి బొరియలోంచి, తోక ఆడించి చప్పుడు చేసే రాటిల్ స్నేక్ అనే విషప్పాము లాగ చప్పుడు చేస్తుంది, అంతే, అవతలివాడు ఇంక లోపలికి రాడు.

మన ఇళ్ళల్లోకి వచ్చేవాటిలో ఒకటుంది, వుల్ఫ్ స్నేక్, విషం లేదు, గోడలెక్కుతుంది, చూడ్డానికి కట్లపాములా ఉంటుంది. నాకు భయమేసేది ఇక్కడే. దీని గురించి వీడియోలు చూసి "ఇది అదే, ఏం కాదు" అని చేత్తో పట్టుకునే కుర్రాళ్ళు తయారయ్యారు. తెల్ల పట్టీలు మెడ దగ్గరే మొదలైతే వుల్ఫ్ స్నేక్, తల దాటి కొంచెం దూరం పోయాక మొదలైతే కట్లపాము అని చెప్తారు, మామూలుగా అది నిజమే, కానీ రాత్రి పూట సెల్‌ఫోన్ లైట్లో, మంచం కింద, కదిలే పాము మీద పట్టీలు లెక్కపెట్టేదెవడు? కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలీదు. స్నేక్ క్యాచర్ నంబరు ఫోన్‌లో వేసుకుని గది తలుపు మూసేయడం బెటర్.

పోయిన వేసవిలో కోతుల బాధ పడలేక నేనే ఆన్‌లైన్లో ఒక రబ్బరు పాము తెప్పించి జామచెట్టుకి చుట్టాను. మూడు రోజులు ఒక్క కోతి రాలేదు. నాలుగో రోజు ఒక పెద్ద గండు కోతి కొమ్మ చివర కూచుని చాలాసేపు చూసింది, వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది, ఒక వేలితో ముట్టుకుని గెంతింది, ఇంకోసారి ముట్టుకుంది. సాయంత్రానికి పాము కింద పడుంది, జామకాయలు లేవు. దాన్ని తీసి గట్టు మీద పెట్టి మర్చిపోయాను. తెల్లారి చీపురు కోసం వెళ్ళి నేనే అరిచాను.