ఉత్తరం వైపు కప్పు మాత్రమే ఎందుకు నల్లబడింది?

కర్నూలు బుధవారపేట నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. "సార్, మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలో సియాటిల్ దగ్గర ఇల్లు కొన్నారు. పాత ఇల్లే కానీ బాగుంది. అయితే పైకప్పుకు ఉత్తరం వైపు మాత్రమే నల్లటి చారలు, వాటి నడుమ పచ్చటి నాచు గుబుర్లు. దక్షిణం వైపు శుభ్రంగా ఉంది. ఉత్తరం కుబేరస్థానం, అక్కడ మచ్చ పడితే వాస్తు దోషమని మాకు తెలిసినవాళ్లు అన్నారు. రాగి యంత్రం పెట్టమన్నారు. మీరేమంటారు? ఇంకో మాట, అలాంటి కప్పే ఇక్కడ మా మిద్దె మీద కట్టబోయే గదికి వేయించుకోవచ్చా?"

దోషమేమీ లేదమ్మా, నిశ్చింతగా ఉండండి. కానీ "ఉత్తరం వైపు మాత్రమే" అని మీరు గమనించి రాసిన ఆ ఒక్క విషయం చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. జవాబంతా అందులోనే ఉంది.

అక్కడి కప్పు మన కాంక్రీటు మిద్దెలాంటిది కాదు. వాలుగా నిలబెట్టిన చెక్క చట్రం, దాని మీద ప్లైవుడ్ పలకలు, వాటి మీద వరసలుగా మేకులతో కొట్టిన తారు షింగిల్స్. షింగిల్ అంటే గాజునారతో చేసిన పలచటి పొరకు రెండు వైపులా తారు పట్టించి, పైన సన్నటి రాతి పలుకులు అద్దిన ముక్క. తారులో సున్నపురాతి పొడి కూడా కలుపుతారు. పైనున్న రాతి పలుకులు అందానికి మాత్రమే కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు నేరుగా తగిలితే తారు పెళుసుబారి పగులుతుంది. ఆ కిరణాలను అడ్డుకునేవి పలుకులే. పై వరస కింది వరసను సగానికి పైగా కప్పుతుంది. 12 అంగుళాల ముక్కలో బయటికి కనిపించేది దాదాపు 5 అంగుళాలే.

ఈ కప్పులో అతుకులన్నీ తెరిచే ఉంటాయి. నీళ్లు లోపలికి రాకుండా కాపాడేది ముఖ్యంగా వాలే. అందుకే 12 అంగుళాల దూరానికి కనీసం 2 అంగుళాల ఎత్తయినా లేని కప్పు మీద షింగిల్స్ వేయకూడదని అమెరికా గృహనిర్మాణ నియమాలు చెబుతాయి. మన పాత చవుడు మిద్దె పనితీరు దీనికి పూర్తిగా ఎదురు. చవుటి మట్టిలో సోడియం ఎక్కువ. సోడియం పట్టిన బంకమట్టి రేణువులు తడవగానే ఒకదాన్నొకటి వదిలేసి, ఉబ్బి, మట్టిలోని సన్నటి రంధ్రాలను పూడ్చేస్తాయి. పొలంలో పైరును చంపే గుణమే ఇంటి మీద రక్షణగా మారింది. రసాయనశాస్త్రం పేరు కూడా వినని మన పెద్దలు ఈ సంగతి పట్టుకుని, ఏటా వానలకు ముందు మిద్దె మీద కొత్త చవుడు పరిచేవారు. చవుడు మిద్దె తడిసి మూసుకుంటుంది. షింగిల్ కప్పు తడిని జార్చేసి ఆరిపోవాలి. ఆరకపోతే దాని పని అయిపోయినట్టే.

సియాటిల్ అంటే అందరికీ వాన గుర్తొస్తుంది. కానీ అక్కడ ఏడాదికి కురిసేది దాదాపు 1000 మిల్లీమీటర్లు. కడపలో సుమారు 700, అనంతపురంలో 550. తేడా ఉంది, కానీ మనం ఊహించుకున్నంత లేదు. ముంబైలో అయితే సియాటిల్‌కు రెట్టింపు పైనే కురుస్తుంది. కప్పును పాడుచేసేది వాన ఎంత కురిసిందన్నది కాదు, కురిసిన తడి ఎన్ని గంటలు నిలిచిందన్నది. సియాటిల్‌లో ఏడాదికి దాదాపు 150 రోజులు వాన పడుతుంది, అదీ ఎక్కువగా అక్టోబరు నుంచి మార్చి వరకు, సన్నటి జల్లుగా. బట్టలు ఉతికి ఆరేసే ఎవరికైనా ఇది తెలిసిందే. ఒక్కసారి ముంచి ఎండలో వేసిన తువ్వాలు గంటలో ఆరిపోతుంది. నీడలో, మబ్బు రోజున, మడతలు విప్పకుండా వేసిన తువ్వాలు మూడో రోజుకు వాసన కొడుతుంది.

దీన్ని లెక్కలో చూద్దాం. నీరు ఎంత వేగంగా ఆవిరవుతుందన్నది గాలికి ఇంకా ఎంత ఆవిరి పట్టే చోటుందన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది. 30 డిగ్రీల దగ్గర గాలి పట్టగల ఆవిరి పీడనం 4.24 కిలోపాస్కల్స్. కర్నూలులో సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం తేమ 65 శాతం అనుకుంటే, ఇంకా 1.48 ఖాళీ ఉంది. 5 డిగ్రీల దగ్గర గాలి మొత్తం పట్టగలిగేదే 0.87. సియాటిల్‌లో జనవరి రోజున తేమ 85 శాతం అనుకుంటే మిగిలే ఖాళీ 0.13. గాలి వేగం ఒకటే అయినా అక్కడ తడి ఆరడం పదకొండు రెట్లు నెమ్మది. ఇది మన వానాకాలంతో పోల్చిన లెక్క. మే నెలతో పోలిస్తే నలభై రెట్లు దాటుతుంది.

సరే, గాలి కప్పు రెండు వైపులా ఒకటేగా? మరి ఉత్తరం వైపే ఎందుకు? ఇక్కడి నుంచి నాకు అత్యంత ఇష్టమైన భాగం.

సియాటిల్ 47.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడి ఇళ్లకు సాధారణంగా కనిపించే వాలు ఒకటి తీసుకుందాం: 12 అంగుళాలకు 6 అంగుళాల ఎత్తు, అంటే 26.6 డిగ్రీలు. ఉత్తరం వైపు అంత వంగి ఉన్న పలక ఈ భూమి మీద ఎక్కడి చదును నేలకు సమాంతరంగా ఉంటుంది? 47.6కు 26.6 కలపండి: 74.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఆర్కిటిక్ వలయం 66.5 దగ్గరే మొదలవుతుంది. నార్వే ప్రధాన భూభాగపు ఉత్తరపు కొస 71 దగ్గర ముగుస్తుంది. మీ అమ్మాయి ఇంటి ఉత్తరపు కప్పు, సూర్యుడి చూపులో, దానికీ పైనున్న ఆర్కిటిక్ నేల. ఇందులో అతిశయోక్తి లేదు, ఇది కచ్చితమైన జ్యామితి. రెండు తలాలు సమాంతరంగా ఉంటే, సియాటిల్‌లో పగలున్నంతసేపు, ఎక్కడో దూరాన ఉన్న సూర్యుడి కిరణాలు రెండింటినీ ఒకే కోణంలో తాకుతాయి, లేదా రెండింటినీ తాకవు.

ఆర్కిటిక్‌లో శీతాకాలాన ధ్రువ రాత్రి ఉంటుంది కదా, సూర్యుడు అసలు ఉదయించని కాలం. ఆ రాత్రి ఈ కప్పు మీద కూడా ఉంటుంది. సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణంగా 15.8 డిగ్రీలు దాటిన రోజున మొదలై, తిరిగి ఆ గీత దాటేదాకా సాగుతుంది. అంటే దాదాపు నవంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం వరకు. మూడు నెలల పాటు, ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా, ఆ ఉత్తరపు వాలు మీద ఒక్క నిమిషం కూడా నేరుగా ఎండ పడదు. వాన ఎక్కువగా కురిసేదీ ఆ నెలల్లోనే.

ఇప్పుడు దక్షిణపు వాలు చూడండి. 47.6లో నుంచి 26.6 తీసేస్తే 21. అది నాగపూర్ అక్షాంశం! ఒకే ఇంటి మీద, నాలుగు అడుగుల ఎడంలో, ఒక వైపు నాగపూర్, మరో వైపు ఆర్కిటిక్. అయితే కోణం నాగపూర్‌దే అయినా పగటి నిడివి సియాటిల్‌దే, డిసెంబరు మూడో వారంలో అది ఎనిమిదిన్నర గంటలు కూడా ఉండదు. అయినా ఆ కాస్త ఎండే దక్షిణపు వైపును ఆరబెట్టడానికి చాలుతోంది.

ఇదే ఇంటిని తెచ్చి కర్నూలులో పెడితే? మనది 15.8 డిగ్రీలు. ఉత్తరపు వాలు 42.4 దగ్గర పడుతుంది, అంటే రోమ్ నగరానికి కాస్త పైన. ఏడాదిలో ఏ రోజూ దానికి ఎండ తప్పదు. పైగా మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగానే ఉంటాడు. ఆ రోజుల్లో పన్నెండూ ఇరవై ప్రాంతంలో వీధిలో కర్ర నిలబెడితే నీడ దక్షిణానికి పడుతుంది.

బడిలో ఋతువుల పాఠం గ్లోబును వంచి చూపించి ముగించేస్తాం, ప్రశ్నపత్రంలో 23.5 డిగ్రీలు అని రాస్తే మార్కులు వేసేస్తాం. ఒక చిన్న అట్టముక్కను గ్లోబు మీద సియాటిల్ దగ్గర వాలుగా పట్టుకుని, "ఇది ఇంకెక్కడ చదునుగా కూర్చుంటుంది?" అని పిల్లల్ని అడిగితే ఈ పాఠం వాళ్లు జన్మలో మరచిపోరు. భూగోళం, జ్యామితి, వృక్షశాస్త్రం మూడూ ఒక ఇంటికప్పు మీద కలుస్తాయని వాళ్లకు తెలియాలి.

ఎండ లేదన్నాను కానీ వెలుతురు లేదనలేదు. మబ్బుల గుండా చెదిరి వచ్చే వెలుతురు అక్కడ రోజంతా ఉంటుంది. ఆరబెట్టడానికి అది చాలదు, కిరణజన్య సంయోగక్రియకు చాలుతుంది. అందుకే ఆ వాలు మీద ప్రాణులు చేరాయి.

నల్లటి చారలు మురికి కాదు. అవి గ్లియోకాప్సా అనే సయనోబాక్టీరియా (వెలుతురుతో ఆహారం చేసుకునే బాక్టీరియా) కాపురాలు. గుండ్రటి కణాలు, వాటి చుట్టూ పొరలు పొరలుగా జిగురు, ఆ జిగురులో ముదురు రంగు. ఆ రంగు దానికి ఎండ నుంచి గొడుగు. గుత్తి కోట గుండ్ల మీద వాననీరు జారే దారుల్లో నల్లటి చారలు చూసే ఉంటారు. ఉష్ణమండలపు నల్లరాతి గుట్టల మీది అలాంటి చారలు చాలావరకు సయనోబాక్టీరియా పొరలే. నెలల తరబడి ఎండిపోయి, ఒక్క వానకు లేచి కూర్చుంటాయి. షింగిల్స్‌కు ఇవి తెచ్చే నష్టం ముఖ్యంగా చూపుకే.

నాచు సంగతి వేరు. దానికి అసలైన వేళ్లు ఉండవు, పట్టుకోవడానికి సన్నటి పోగులు ఉంటాయి, అంతే. ఆకు మందం చాలాచోట్ల ఒకే ఒక్క కణం. మామిడాకు మీదుండే మైనపు పొరలాంటిది దాదాపు లేదు. నీళ్లూ ఖనిజాలూ ఒళ్లంతటితో తాగుతుంది. దాని పురుషబీజం స్త్రీబీజాన్ని చేరాలంటే నీటి పొరలో ఈదుకుంటూ పోవాలి, కనుక తడి నిలవని చోట ఆ దారిన దానికి సంతానమే లేదు. ఉత్తరపు వాలు మీద ఆ తడి నెలల తరబడి నిలుస్తుంది. నాచు షింగిల్ అంచు కింద పెరిగి, దాన్ని పైకి లేపి, అతుకు దగ్గర నీటిని ఆపుతుంది. ఆగిన నీరు సన్నటి సందుల్లో కేశికాకర్షణతో వాలుకు ఎదురెక్కుతుంది. మేకుల దాకా, ఆ పైన ప్లైవుడ్ దాకా చేరుతుంది. నాచును ఉపేక్షించకూడదని అనడం ఇందుకే.

ఒళ్లంతటితో తాగే ఆ గుణమే దాని బలహీనత కూడా. అక్కడి కప్పుల మీద పొగగొట్టం చుట్టూ జింకు పూత రేకు ఉంటే, దాని కింద నేరుగా ఒక శుభ్రమైన పట్టీ కనిపిస్తుంది. స్వల్పంగా ఆమ్లగుణమున్న వాననీరు జింకును అణుమాత్రంగా కరిగించి కిందికి తీసుకుపోతుంది. వేళ్లున్న మొక్క లోహాన్ని కొంతవరకు వేరు దగ్గరే ఆపుతుంది, నాచుకు ఆ వాకిలే లేదు. గాలిలోని భారలోహాలను కొలవడానికి ఐరోపా దేశాలు 1990 నుంచి ఐదేళ్లకోసారి నాచును సేకరించి పరీక్షించేది కూడా ఈ గుణం వల్లనే. రెండు వాలులూ కలిసే పై అంచున జింకు పట్టీ వేయడం, రాగి కలిపిన పలుకులున్న షింగిల్స్ వాడడం, అన్నీ ఈ సూత్రం మీదే నడుస్తాయి.

రాగి యంత్రం పెట్టమన్నారు కదా. రాగి రేకును కప్పు పై అంచు పొడవునా వేస్తే నిజంగానే పనిచేస్తుంది. దాని మీద ఏ బీజాక్షరమూ అక్కర్లేదు, వాన చాలు. జానెడు యంత్రం పెడితే దాని కింద జానెడు వెడల్పే శుభ్రపడుతుంది. అమ్మాయి కొత్త ఇంట్లో నిశ్చింతగా ఉండాల్సిన రోజుల్లో దోషమని భయపెట్టడం నాకు బాధ కలిగించింది. ఉత్తరంలో ఎండ లేకపోవడానికి ఏ గ్రహమూ అలగలేదు.

అయితే లోహానికీ ఒక ఖరీదుంది. లీటరు నీటిలో కొన్ని మైక్రోగ్రాముల రాగి చేరినా అక్కడి వాగుల్లో పుట్టే కోహో సాల్మన్ చేప పిల్లల ఘ్రాణశక్తి దెబ్బతింటుందని ప్రయోగాల్లో తేలింది. సాల్మన్ తాను పుట్టిన ఏటికి తిరిగి వచ్చేది వాసన పట్టుకునే. ఇంటి పక్కనే వాగు ఉంటే రాగి, జింకు జోలికి పోవద్దని అమ్మాయికి చెప్పండి.

ముందు చేయాల్సింది వెలుతురు, గాలి రానివ్వడం. కప్పు మీదికి వంగిన కొమ్మలు కొట్టించాలి. అక్కడి ఫిర్ చెట్లు శీతాకాలంలోనూ ఆకు రాల్చకుండా నీడ పట్టి ఉంచుతాయి, సూదుల్లాంటి ఎండుటాకులు మాత్రం ఏడాది పొడవునా రాల్చి తడిని కప్పి ఉంచుతాయి. వాటిని ఊడ్పించాలి. నాచును మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికే తోయాలి, కింది నుంచి తోస్తే అంచులు లేస్తాయి. పీడనంతో నీళ్లు కొట్టే యంత్రాన్ని దగ్గరికి కూడా రానివ్వకూడదు, పలుకులు రాలిపోతే తారుకు రక్షణ పోయినట్టే. నల్లచారలకు బట్టల బ్లీచు, నీళ్లు సగం సగం కలిపి చల్లి, పదిహేను ఇరవై నిమిషాలుంచి, తక్కువ ధారతో కడిగితే పోతాయి. కింది మొక్కలను ముందే బాగా తడిపి ఉంచాలి. తడి నాచు మీద కాలు నిలవదు, ఈ పని అల్లుడు గారు చేయకుండా పనివాళ్లకే అప్పగించాలి. ఒకసారి అటకలోకి టార్చి వేసి చూడమనండి. స్నానాలగది, వంటగది ఆవిరి గొట్టాలు బయటికి కాకుండా అటకలోకి తెరుచుకుని ఉంటే ప్లైవుడ్ లోపలి నుంచి కూడా నానుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. కర్నూలులో షింగిల్స్ మీద నాచు పట్టదు, నిజమే. ఇక్కడ శత్రువు వేరు. ముదురు రంగు కప్పు మన మే నెల ఎండలో 65, 70 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి తారులోని తేలికైన నూనెలు త్వరగా పోతాయి, మిగిలింది పెళుసుబారుతుంది. పైగా ఆ వేడంతా కింది గదిలోకే దిగుతుంది. ఆ గదికి కాంక్రీటు కప్పు వేయించి, పైన ఏటా మార్చిలో తెల్ల సున్నం పూయించండి.