వైజాగ్ పెద్దదా, బెజవాడ పెద్దదా: అంతా 2005లో గీసిన గీతలోనే ఉంది

చుట్టుపక్కల ఊళ్లని కలిపి గ్రేటర్ విజయవాడ చేయాలన్న మాట మళ్లీ లేచింది, దాంతోపాటు రాష్ట్రంలో పెద్ద ఊరు ఏదన్న పాత తగువూ లేచింది. ఓడరేవు, షిప్‌యార్డు, కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం, నేవీ కథ విశాఖలో అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేద్దాం. ఒక్క మాట మాత్రం చెప్పాలి. 1951 జనగణనలో విజయవాడ 1.61 లక్షలు, గుంటూరు 1.25 లక్షలు, విశాఖ 1.08 లక్షలే, అంటే అప్పుడు గుంటూరు కూడా మన విశాఖకంటే ముందే. 1971కల్లా బెజవాడను దాటేశాం, అది కూడా ఉక్కు ఫ్యాక్టరీలో ఒక్క బస్తా సిమెంటు పని సరిగ్గా మొదలవకముందే (శంకుస్థాపన జరిగిందే ఆ ఏడాది జనవరిలో).

ఉక్కు ఫ్యాక్టరీ పెంచింది విశాఖ పక్కనున్న గాజువాకని. ఫ్యాక్టరీ, ఉక్కునగరం, దువ్వాడ, కూర్మన్నపాలెం, భూములు పోయినవాళ్ల నిర్వాసిత కాలనీలు అన్నీ అటువైపే. కానీ 1979లో ఏర్పడిన విశాఖ కార్పొరేషన్ హద్దు అక్కడిదాకా పోలేదు. గాజువాక జనం సినిమాకీ పెద్దాసుపత్రికీ కాలేజీకీ ఊళ్లోకి వస్తూనే ఉన్నా, కాగితం మీద మాత్రం వాళ్లది వేరే మున్సిపాలిటీ.

2005 నవంబరులో గాజువాకనీ 32 గ్రామాలనీ కలిపి జీవీఎంసీ (గ్రేటర్ విశాఖ కార్పొరేషన్) చేశారు. కార్పొరేషన్ అంకెల్లో అసలు మలుపు ఇదే. 2001లో 9.7 లక్షలున్న కార్పొరేషన్ 2011లో 17.28 లక్షలైంది, పదేళ్లలో ఏడున్నర లక్షల మంది రైలు దిగి వచ్చారని కాదు, వాళ్లలో చాలామంది ముందునుంచీ అక్కడే ఉన్నారు. విజయవాడ మాత్రం అదే 62 చదరపు కిలోమీటర్లలో ఇరుక్కుని 10 లక్షల పైచిలుకు దగ్గర ఆగింది. దాన్ని ఆనుకునే ఉన్న కానూరు, పోరంకి, యనమలకుదురు పంచాయతీలుగానే ఉండిపోయాయి. ఇప్పుడవి తాడిగడప మున్సిపాలిటీలో ఉన్నాయి. కృష్ణ అవతల మంగళగిరి, తాడేపల్లి 2021లో విడిగా కార్పొరేషన్ అయ్యాయి.

బెజవాడవాళ్లు అనేది ఇదే: మీరు ఊళ్లు కలుపుకుని పెద్దవాళ్లయ్యారు, మేమూ కలిపితే చూడండి. సగం నిజం. చుట్టుపక్కల ఊళ్లతో కలిపి జనగణన వేసే నగర సముదాయం లెక్క చూస్తే, అందులో గాజువాక 2005కి ముందునుంచే ఉంది. ఆ లెక్కలో 1991లోనే విశాఖ పదిన్నర లక్షలు, విజయవాడ ఎనిమిదిన్నర లక్షల లోపు. 2001లోనూ మనమే మూడు లక్షలు ముందు. కాబట్టి హద్దు గీత జరపడం వల్ల విశాఖ పెద్దదైందనడం తప్పు, అప్పటికే పెద్దదైన ఊరికి గీత ఆలస్యంగా చేరింది. గాజువాకవాళ్లని అడిగితే ఇదే చెప్తారు, ఇంటి పన్ను పెరిగిందని కూడా చెప్తారనుకోండి.

మనవాళ్లు చెప్పుకోని సంగతీ ఒకటుంది. కార్పొరేషన్ల లెక్కలో తేడా 2001లో లక్ష పైచిలుకు, 2011లో దాదాపు ఏడు లక్షలు. సముదాయం లెక్కలో మాత్రం మూడు లక్షల తేడా కాస్తా రెండున్నర లక్షల దగ్గరికి దిగింది. అంటే ఆ పదేళ్లలో బెజవాడ మనకి దగ్గరగానే వచ్చింది.

ఇక 2014లో హైదరాబాద్ తెలంగాణకి పోవడంతో రెండో స్థానం నుంచి ఒకటికి వచ్చాం, దానికోసం ఇక్కడ ఒక్క ఇల్లూ కట్టక్కర్లేకపోయింది. 2021 జనగణన జరగలేదు, అందుకే ఈ గొడవలో రెండు పక్షాలూ ఇంకా 2011 అంకెలే విసురుకుంటున్నాయి.

2013లో భీమిలి, అనకాపల్లి మున్సిపాలిటీలను కూడా జీవీఎంసీలో కలిపేశారు, వైశాల్యం 680 చదరపు కిలోమీటర్లు దాటింది. 2022 ఏప్రిల్లో అనకాపల్లి వేరే జిల్లాకి కేంద్రమైంది, అయినా పట్టణం మాత్రం విశాఖ కార్పొరేషన్‌లోనే ఉంది. కలెక్టర్ వేరు, మేయర్ ఒకరే! 2011 లెక్క ఈ విలీనానికి ముందుది కాబట్టి, ఈ రెండు ఊళ్ల జనం విశాఖ కార్పొరేషన్ ఖాతాలో పడేది 2027 జనగణనలోనే, అదీ అప్పటికి అనకాపల్లిని విడదీయకపోతే.