ఎవరి తరఫున వాదించారు?

అమెరికాలో ఫెడరల్ జిల్లా జడ్జి కావడానికి పోటీ పరీక్ష లేదు. మన దగ్గరిలా కింది కోర్టులో చేరి మెట్టు మెట్టుగా పైకి రానక్కరలేదు. అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తారు, సెనేట్ ఆమోదిస్తుంది, ఇక జీవితకాల పదవి. న్యాయశాస్త్ర పట్టా ఉండాలని కూడా అక్కడి రాజ్యాంగం అనదు. అందుకే వడపోత అంతా అభ్యర్థి గతం మీదే సాగుతుంది. పెద్ద కంపెనీలకు వకాల్తా పుచ్చుకున్న గతం అర్హతగా చెల్లుతుంది. పౌరహక్కుల కోసమో, పేద ముద్దాయిల కోసమో వాదించిన గతానికి మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి.

ఈ పేచీ కొత్తది కాదు. పౌరహక్కుల వకీలు కాన్‌స్టాన్స్ బేకర్ మోట్లీ యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘాల్లో వంట చేసే వలసదారు కూతురు. 1946లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో లా పూర్తి చేశారు. బడుల్లో జాతి వివక్షను కొట్టేసిన 1954 బ్రౌన్ కేసులో దావా పత్రం రాయడంలో ఆమె చేయి ఉంది. 1962లో మిసిసిపీ విశ్వవిద్యాలయంలోకి జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి విద్యార్థి అడుగు పెట్టింది ఆమె వాదన బలంతోనే. సుప్రీంకోర్టులో 10 కేసులు వాదించి 9 గెలిచారు.

1966 జనవరిలో అధ్యక్షుడు జాన్సన్ ఆమెను న్యూయార్క్ జిల్లా కోర్టుకు ప్రతిపాదించారు. సెనేట్ న్యాయ కమిటీ అధ్యక్షుడు ఎవరనుకున్నారు? జాతి వివక్షను సమర్థించే మిసిసిపీ సెనేటర్ ఈస్ట్‌లాండ్! కమ్యూనిస్టు ముద్ర వేసి నెలల తరబడి నానబెట్టారు. ఆగస్టులో గానీ ఆమోదం రాలేదు. అలా ఆమె అమెరికాలో తొలి నల్లజాతి మహిళా ఫెడరల్ జడ్జి అయ్యారు.

పదవి వచ్చినా గతం వదల్లేదు. 1975లో సలివన్ అండ్ క్రామ్‌వెల్ అనే పేరున్న లా సంస్థ మీద లింగ వివక్ష దావా ఆమె ముందుకు వచ్చింది. నల్లజాతి స్త్రీ, పైగా వివక్ష మీద పోరాడిన మనిషి, కాబట్టి కేసు వదులుకోవాలని ప్రతివాదులు కోరారు. ఆమె ససేమిరా అన్నారు. జాతి, లింగం, పాత వృత్తి అడ్డయితే ఈ కోర్టులో ఏ జడ్జీ ఈ కేసు వినలేరని ఉత్తర్వులో రాశారు. మగవాళ్లకూ ఒక లింగం ఉంటుందని అంత మర్యాదగా గుర్తుచేసినవారు తక్కువ.

ఆ ఉత్తర్వును వివక్ష కేసుల్లో జడ్జీలు ఇప్పటికీ ఉదహరిస్తున్నారు. సెనేట్ తీరు మాత్రం అంతగా మారలేదు. మోట్లీని ఆదర్శంగా చెప్పుకునే కేతాంజీ బ్రౌన్ జాక్సన్ పబ్లిక్ డిఫెండర్‌గా, అంటే పేద ముద్దాయిల తరఫున వాదించే ప్రభుత్వ వకీలుగా చేసి, 2013లో జిల్లా జడ్జి అయ్యారు. 2022లో సుప్రీంకోర్టుకు ప్రతిపాదించినప్పుడు కొందరు సెనేటర్లు ఆమె గ్వాంటనామోలో, అంటే ఉగ్రవాద అనుమానితులను ఉంచే అమెరికా సైనిక జైల్లో, ఉన్న ఖైదీల తరఫున పనిచేసిన సంగతినే తవ్వి తీశారు.