ఫోన్ మైక్రోస్కోప్: రెట్లు కాదు, మైక్రాన్లు లెక్కపెట్టండి

అపోహ: ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపిస్తే అంత మంచి మైక్రోస్కోప్.

వాస్తవం: సైన్స్ ఫెయిర్ అట్టల మీద రాసే "400 రెట్లు" ఫోన్ విషయంలో ఏమీ చెప్పదు. అదే ఫోటోను టీవీలో పెడితే రెట్లు పెరుగుతాయి, కొత్తగా కనబడేది ఏమీ ఉండదు. జూమ్ చేసినా అంతే. అడగాల్సింది ఒక్కటే: ఫోటోలో ఒక పిక్సెల్ ఎన్ని మైక్రాన్లు? వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటర్. ఈ మైక్రోస్కోప్ అంటే ఫోన్ కెమెరా ముందు పెట్టిన ఒక చిన్న కటకమే. బొమ్మల అంగడిలో దొరికే కీచైన్ లేజర్ నుంచి తీసిన ఆ కటకం నాభ్యంతరం (దూరం నుంచి వచ్చే వెలుగును ఒకచోట చేర్చే దూరం) కొద్ది మిల్లీమీటర్లే, ఫోన్ కెమెరాదీ దాదాపు అంతే. అందుకే వస్తువు ఎంతుందో సెన్సార్ మీద బొమ్మ కూడా సుమారు అంతే పడుతుంది, పిక్సెల్‌కు ఒకటీ ఒకటిన్నర మైక్రాన్ వస్తుంది.

అపోహ: కటకాన్ని కెమెరాకు అంటించి చేత్తో పట్టుకుంటే చాలు.

వాస్తవం: స్పష్టంగా కనబడే లోతు చాలా తక్కువ. చెయ్యి వణికితే బొమ్మ పోతుంది, కొలత మాట అటుంచండి. 18 సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ పలక, 8 మిల్లీమీటర్ల మందమూ 5 అంగుళాల పొడవూ ఉన్న బోల్టులు మూడు, 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ ముక్కలు రెండు తీసుకోండి. బోల్టులను పలక మీద నిలబెట్టి, ఒక అక్రిలిక్ ముక్కను వాటి పైన బిగించాలి. ఫోన్ పెట్టే ఆ పైముక్కకు కటకం బిగుతుగా కూర్చునేంత రంధ్రం చేయాలి. అక్రిలిక్ కింద చెక్క ముక్క పెట్టి డ్రిల్ నిదానంగా తిప్పకపోతే పగులుతుంది. వస్తువు పెట్టే చిన్న ముక్క రెండు బోల్టుల మీది రెక్కల నట్లపై కూర్చుంటుంది. నట్టు ఒక చుట్టు తిరిగితే ముక్క 1.25 మిల్లీమీటర్లు కదులుతుంది, ఎనిమిదో వంతు తిప్పితే 0.16. ఒక నట్టు ఎక్కువ తిరిగిందంటే ముక్క వాలి సగం బొమ్మ మసకబారుతుంది.

కటకాన్ని ఏ వైపు పెట్టాలో తెలియకపోతే హెయిర్‌పిన్‌లో బిగించి రెండు వైపులా చూడండి. ఎక్కువ మేర స్పష్టంగా ఉన్నదే సరైన వైపు.

అపోహ: జామెట్రీ బాక్సు స్కేలుతో మైక్రాన్లు కొలవలేం.

వాస్తవం: కొలవొచ్చు, లెక్క సరిగ్గా పెడితే. పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలును కటకం కింద పెట్టి, కింద నుంచి టార్చి వేసి ఫోటో తీయండి. టార్చి మీద ట్రేసింగ్ పేపర్ కప్పితే వెలుగు సమంగా పడుతుంది. గీతకే మందం ఉంటుంది కాబట్టి ఒక గీత ఎడమ అంచు నుంచి పక్క గీత ఎడమ అంచు దాకా పిక్సెళ్లు లెక్కించాలి. ఒక మిల్లీమీటరుకు 760 పిక్సెళ్లు వచ్చాయనుకోండి, పిక్సెల్‌కు 1.316 మైక్రాన్లు. వెంట్రుక 54 పిక్సెళ్లుంటే 71 మైక్రాన్లు. రెండంచుల్లోనూ రెండేసి పిక్సెళ్ల మసక ఉంటే 71కి 5 అటూ ఇటూ అని రాయడమే నిజాయితీ.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. స్కేలును 50 మెగాపిక్సెల్ మోడ్‌లో తీసి వెంట్రుకను 12.5లో తీస్తే 71 రావాల్సింది 35 వస్తుంది. ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే పిక్సెళ్లు తగ్గిపోతాయి, డాక్యుమెంటుగా పంపాలి. ఫోన్ ఆటోఫోకస్ మారితే కొలత కూడా మారుతుంది, అందుకే ఫోకస్ లాక్ చేసి నట్లతోనే సర్దాలి. కొలిచే వస్తువు బొమ్మ నడిమధ్యలో ఉండాలి, అంచుల్లో ఆకారం వంగుతుంది.

అపోహ: రంగు వేయకుండానే కణాలు తెలుస్తాయి.

వాస్తవం: ఎర్రగడ్డ పొరలో గోడలు కనబడతాయి, కేంద్రకం తేలిగ్గా కనబడదు. ఒక చుక్క అయోడిన్ వేయండి. మందార పుప్పొడికి మాత్రం రంగు అక్కర్లేదు. వంద మైక్రాన్లు దాటిన ముళ్ల బంతి అది, మొదటి రోజు కొలవడానికి అంతకన్నా మంచిది లేదు.

అపోహ: పలమనేరు, కుప్పం వైపు పట్టు రైతులు దీంతోనే పెబ్రిన్ (తల్లి నుంచి గుడ్లకు సోకే పట్టుపురుగుల జబ్బు) పట్టేయొచ్చు.

వాస్తవం: పట్టలేరు, ఈ మాట నమ్మితే పంటకే నష్టం. పెబ్రిన్ తెచ్చే సూక్ష్మజీవి బీజాణువు (విత్తనం లాంటి కణం) పొడవు 3, 4 మైక్రాన్లు, వెడల్పు 2. ఈ పరికరంలో అది రెండు మూడు పిక్సెళ్ల చుక్క, దుమ్ముకూ దానికీ తేడా తెలియదు. తల్లి మాత్‌ను (పట్టు చిలుకను) గుడ్లు పెట్టాక నూరి పరీక్షించే పద్ధతి 1860లలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ చూపించింది, దానికి ఇప్పటికీ సుమారు 600 రెట్ల ప్రయోగశాల మైక్రోస్కోపే కావాలి. ఫోన్‌లో ఏమీ కనబడలేదని గుడ్లు మంచివని తేల్చకండి, పరీక్షించిన గుడ్లే తెచ్చుకోండి. పట్టు దారం మందం కొలవాలంటే మాత్రం ఈ పరికరం చాలు.