కొట్టేసే ముందు హారం చూడండి

లవంలోనూ హారంలోనూ బహుపదులున్న భిన్నమే అకరణీయ సమాసం. సూక్ష్మీకరించమనగానే పెన్ను కొట్టివేతల మీదికి పోతుంది. ముందు పోవాల్సింది హారం మీదికి.

తెలియని రాశిని ‘య’ అందాం. మన పాత బీజగణితంలో యావత్తావత్ అనేవారు, కుదించి ‘యా’ అని రాసేవారు. ఈ సమాసం చూడండి:

(య² − 9) / (య² − 5య + 6)

హారం (య − 2)(య − 3). య విలువ 2 గానీ 3 గానీ అయితే హారం సున్నా అవుతుంది, కాబట్టి ఆ రెండూ కాకూడదు. ఇది పక్కన రాసుకున్నాకే లవం సంగతి. అది (య − 3)(య + 3). ఉమ్మడి కారణాంకం పోగా (య + 3)/(య − 2) మిగులుతుంది. ఇందులో 3 వేస్తే నిక్షేపంగా 6 వస్తుంది. అసలు సమాసంలో వేస్తే 0/0. కొట్టివేతతో 3 మీది నిషేధం కనబడకుండా పోయిందే తప్ప రద్దు కాలేదు. గ్రాఫులో అక్కడ ఒక్క బిందువే లోపిస్తుంది: 2.99 దగ్గర విలువ సుమారు 6.05. అదే 2 దగ్గరైతే వ్యవహారం వేరు. 2.01కి 501, 1.99కి −499.

కొట్టేయాల్సింది కారణాంకాలను, పదాలను కాదు. (య + 3)/(య + 6)లో ‘య’లను కొట్టేసి 1/2 అని రాసేవాళ్లున్నారు. య = 1 వేసి చూడండి, 4/7 వస్తుంది. ఈ పరీక్షకు అర నిమిషం పట్టదు.

కూడిక, తీసివేతలకు హారాల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కావాలి. భిన్నాలకు ఈ పద్ధతిని 9వ శతాబ్దిలోనే మహావీరాచార్యుడు చెప్పాడు. ఆయన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. ఇక్కడ దెబ్బతినేది బ్రాకెట్టు దగ్గర:

5/(య² − 4) − 1/(య − 2)

క.సా.గు. (య² − 4). లవం 5 − (య + 2), అంటే 3 − య. బ్రాకెట్టు మరిస్తే 7 − య అవుతుంది. య = 3 వేస్తే అసలు విలువ 1 − 1 = 0; తప్పు లవంతో 4/5.

సమీకరణాల్లో ఆ నిషేధ విలువలే సాధనగా ఎదురొస్తాయి. య/(య − 3) = 3/(య − 3) + 2ను (య − 3)తో గుణిస్తే య = 3 + 2(య − 3), దాన్నుంచి య = 3. ఎక్కడా లెక్క తప్పలేదు. కానీ య 3 అయితే మనం గుణించింది సున్నాతో. ఈ సమీకరణానికి సాధన లేదు.